పిల్లల్ని తీసుకుని ఫారిన్ అనాథాశ్రమంలో సేవ చేయడానికి వెళ్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

బద్వేలు నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చేశా. ఈరోజు వెనకాల కొంచెం సౌండ్ వస్తుంది, ఏమీ అనుకోకండి. మా వీధిలో బోరు వేస్తున్నారు. మన సీమలో బోరు వేస్తుంటే ఆపండి అని చెప్పే ధైర్యం నాకు లేదు. వాళ్ళకి నీళ్ళు పడాలని కోరుకుని మనం మొదలుపెడదాం.

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక మెసేజ్. మన వీడియోలు చూసే ఒక తెలుగు కుటుంబం డాలస్ దగ్గర ఉంటారు. భార్యాభర్తలిద్దరూ ఐటీ. పాప ఎనిమిదో క్లాసు, బాబు ఐదో క్లాసు. ఆ అక్క రాసింది అలాగే చదువుతా.

"తమ్ముడూ, మా పిల్లలకి ఏ లోటూ లేదు. మా భయం కూడా అదే. కష్టం అంటే ఏంటో తెలీకుండా పెరుగుతున్నారు. ఈ సమ్మర్‌లో నలుగురం కంబోడియా వెళ్ళి రెండు వారాలు ఒక అనాథాశ్రమంలో వాలంటీర్లుగా ఉందామనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో ప్యాకేజీలు ఉన్నాయి. టికెట్లతో కలిపి పది వేల డాలర్ల దాకా అవుతుంది. నువ్వేమంటావు?"

నిజం చెప్తున్నా, ఫస్ట్ చదవగానే నాకు చాలా బాగా అనిపించింది. డిస్నీలాండ్‌కి వెళ్ళే డబ్బుతో సేవకి వెళ్తున్నారంటే గొప్ప విషయమే కదా. "సూపర్ అక్కా" అని టైప్ కూడా చేశా. పంపబోతుంటే మా ఫ్రెండ్ ఒకడు గుర్తొచ్చాడు. ఇక పంపలేకపోయా.

వాడి గురించి చెప్పేముందు నా గురించి ఒక మాట చెప్పాలి. లేకపోతే ఏదో నేను పెద్ద పుడింగిలా నీతులు చెప్తున్నా అనుకుంటారు.

బీటెక్ అయ్యాక బెంగళూరులో జాబ్ చేసేటప్పుడు మా టీమ్ మొత్తం నా బర్త్‌డేకి ఒక ఆశ్రమానికి వెళ్ళాం. రెండు కేజీల కేకు, బిర్యానీ ప్యాకెట్లు, నోట్‌బుక్స్. ముప్పై మంది పిల్లలు లైన్‌లో నిలబడి నాకు హ్యాపీ బర్త్‌డే పాడారు. ఒక చిన్నపిల్ల, ఐదేళ్ళుంటాయేమో, వచ్చి నేరుగా నా ఒళ్ళో కూర్చుంది. పేరు అడగలేదు, ఎవరు మీరు అనలేదు. మా వాళ్ళు ఫొటో తీశారు. నేను దాన్ని ఇన్‌స్టాలో పెట్టా. నాకు వచ్చిన లైకుల్లో అదే రికార్డు.

ఆ పిల్ల ముఖానికి నేను ఎవరి పర్మిషన్ తీసుకున్నా? మా అక్క కూతురి ఫొటో ఎవరో ముక్కూ ముఖం తెలియనివాడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని పోస్ట్ చేస్తే మేం ఊరుకుంటామా? అప్పుడు ఈ ఆలోచనే రాలేదు. ఆ ఫొటో డిలీట్ చేశా, కానీ చాలా లేటుగా చేశా.

సరే, మా ఫ్రెండ్ విషయానికి వద్దాం. వాణ్ణి అడిగే చెప్తున్నా. పేరు వద్దన్నాడు, ఊరు వద్దన్నాడు.

వాడూ నేనూ నాలుగో క్లాసు దాకా ఒకే బెంచి. వాళ్ళ నాన్న చనిపోయాడు. అప్పులున్నాయి. ఇంట్లో వాళ్ళ అవ్వ, వాళ్ళమ్మ, వీడు. అప్పుడు వాళ్ళమ్మ ఏం చేసింది? మన కడప జిల్లాలో అలాంటి ఇంట్లో ఆడమనిషి ఏం చేస్తుందో అదే చేసింది. కువైట్ పోయింది. ఖద్దామా పని. తెలియనివాళ్ళకి చెప్తున్నా, అరబ్బుల ఇళ్ళల్లో ఇంటిపని, పిల్లల్ని చూసుకునే పని చేసేవాళ్ళని అక్కడ ఖద్దామా అంటారు. రాజంపేట, రాయచోటి, బద్వేలు, ఏ వైపు పోయినా, ఇంట్లో ఒకరు కువైట్‌లో ఉన్న కుటుంబాలు మీకు కనిపిస్తాయి.

అవ్వకి చూపు ఆనదు. పిల్లోణ్ణి ఎవరు చూస్తారు? ఎవరో తెలిసినవాళ్ళు చెప్తే వేరే ఊళ్ళో ఒక హోమ్‌లో చేర్చారు. "ఇంగ్లీష్ మీడియం, తిండి, బట్ట, అన్నీ ఫ్రీ" అన్నారు. ఫ్రీ అన్నా కూడా వాళ్ళమ్మ కువైట్ నుంచి నెలనెలా డబ్బు పంపేది. అది వేరే కథ.

ఆ హోమ్‌కి ప్రతి డిసెంబర్‌లో విదేశాల నుంచి ఒక కుటుంబం వచ్చేది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. పది రోజులు ఉండేవాళ్ళు. గోడలకి రంగులు వేసేవాళ్ళు, పాటలు నేర్పేవాళ్ళు, బెలూన్లు, చాక్లెట్లు. వాళ్ళు వచ్చే వారం ముందు నుంచీ వీళ్ళకి ట్రైనింగ్. ఏం ట్రైనింగ్ తెలుసా? వాడు చెప్పిన మాట చెప్తున్నా.

"మామా, ఎవురన్నా అడిగితే అమ్మ లేదని చెప్పేది నేర్పించినారు. నో మదర్, నో ఫాదర్, మేడం అని. నేను ఫస్ట్ తూరి చెప్పలేకపోయినా. ఏడుపొచ్చింది. ఆ మేడం అమ్మ గుర్తొచ్చి ఏడుస్తాండానేమో అనుకుని ఎత్తుకునింది. నేను ఏడ్చింది అమ్మ బతికుంటే లేదని చెప్పినందుకు."

ఒకసారి ఈ సీన్ ఊహించుకోండి. వాళ్ళమ్మ కువైట్‌లో ఎవరి పిల్లలకో టిఫిన్ బాక్స్ కడుగుతా ఉంది. ఆమె కొడుకుని ఇంకో దేశం నుంచి ఫ్లైట్‌లో వచ్చిన ఒక అమ్మ ఇక్కడ ఎత్తుకుని ఓదారుస్తా ఉంది. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరూ ఆ పిల్లోడి కోసమే కష్టపడుతున్నారు. మధ్యలో పిల్లోడు ఎవరికి దక్కాడు? ఎవరికీ దక్కలేదు.

మూడో ఏడాది ఆ కుటుంబం రాలేదు. ఏ కారణమో ఎవరూ చెప్పలేదు. వీడు డిసెంబర్ మొత్తం స్కూల్ అయ్యాక గేటు దగ్గర కూర్చునేవాడట. "నేనేమన్నా తప్పు చేసినానా మామా, అందుకే రాలేదా అనుకుంటి" అన్నాడు. పదేళ్ళ పిల్లోడు అట్లా అనుకున్నాడు.

ఇప్పుడు మీరు అనొచ్చు, "అన్నా, ఇది ఒక్కడి కథ. ఎక్కడో ఒక చెడ్డ హోమ్ ఉంటుంది, అన్నీ అంతేనా?" అని. నాకూ అదే డౌట్ వచ్చింది. అందుకే కూర్చుని చదివా.

సేవ్ ద చిల్డ్రన్ అని ప్రపంచమంతా పిల్లల కోసం పనిచేసే పెద్ద సంస్థ. వాళ్ళు 2009లో ఒక రిపోర్ట్ ఇచ్చారు. ప్రపంచంలో ఇలాంటి సంస్థల్లో ఉన్న పిల్లల్లో ప్రతి ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో, లేదా ఇద్దరూ బతికే ఉన్నారట. మళ్ళీ చెప్తున్నా, ఐదుగురిలో నలుగురు. మనం వాళ్ళని అనాథలు అంటున్నాం. నిజానికి వాళ్ళు పేదవాళ్ళ పిల్లలు.

అక్క వెళ్దామనుకున్న కంబోడియా చూద్దాం. 2005 నుంచి 2010 మధ్య ఐదేళ్ళలో అక్కడ అనాథాశ్రమాల సంఖ్య దాదాపు 75 శాతం పెరిగింది. అప్పుడు యుద్ధం లేదు. ఐదేళ్ళలో అంతమంది తల్లిదండ్రులు చనిపోనూ లేదు. పెరిగింది ఏంటంటే టూరిస్టులు. అంకోర్ వాట్ గుడి చూడ్డానికి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం ఒక ఆశ్రమం చూసి, డొనేషన్ ఇచ్చి వెళ్ళడం మొదలైంది. అక్కడి పిల్లల్లో కూడా దాదాపు నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో ఉన్నారు. చివరికి 2011లో అక్కడ ఒక క్యాంపెయిన్ నడిపారు. దాని పేరుకి తెలుగులో అర్థం "పిల్లలు చూసిపోయే వింతలు కాదు" అని.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, డిమాండ్, సప్లై ఈజీగానే అర్థమవుతుంది. చూడ్డానికి వచ్చేవాళ్ళు పెరిగితే చూపించడానికి పిల్లలు కావాలి. పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు? ఊళ్ళల్లోంచి. ఏజెంట్ వచ్చి, "మీ వాణ్ణి ఇంగ్లీష్ మీడియం చదివిస్తాం" అంటే ఏ పేద తల్లి కాదంటుంది? మా ఫ్రెండ్ వాళ్ళమ్మకి చెప్పిందీ అదే మాట.

నేపాల్‌లో జరిగింది వినండి. కానర్ గ్రెన్నన్ అని ఒక అమెరికన్. 2004లో ప్రపంచం చుట్టిరావాలని బయల్దేరి, దారిలో కాఠ్మాండూ దగ్గర ఒక పిల్లల హోమ్‌లో కొన్నాళ్ళు వాలంటీర్‌గా ఉన్నాడు. అప్పుడు నేపాల్‌లో మావోయిస్టులకీ ప్రభుత్వానికీ యుద్ధం నడుస్తా ఉంది. ఈ పిల్లలంతా యుద్ధంలో అనాథలైనవాళ్ళు అనుకున్నాడు. ఒకరోజు ఒక ఆవిడ హోమ్‌కి వచ్చింది. చూస్తే, అక్కడున్న ఇద్దరు పిల్లల తల్లి! తర్వాత తెలిసింది ఏంటంటే, హుమ్లా అనే మారుమూల కొండ జిల్లాలో తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకుని, "పిల్లల్ని యుద్ధానికి దూరంగా ఉంచి చదివిస్తాం" అని చెప్పి తీసుకొచ్చారు. గ్రెన్నన్ 2006లో ఒక సంస్థ పెట్టి, ఆ కొండలెక్కి ఊరూరా తిరిగి, పిల్లల ఫొటోలు చూపించి అమ్మానాన్నల్ని వెతికాడు. దాని గురించి లిటిల్ ప్రిన్సెస్ అని పుస్తకం కూడా రాశాడు.

ఆయన చేసిన సేవలో నాకు నచ్చింది ఇదే. పిల్లల్తో ఆడుకోవడం దగ్గర ఆగిపోలేదు. "వీళ్ళమ్మ ఎక్కడుంది?" అని అడిగాడు.

మన దగ్గర ఇలాంటివి లేవా అంటే, ఉన్నాయి. 1999లో, మళ్ళీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీ తండాల నుంచి ఆడపిల్లల్ని కొని విదేశాలకి దత్తత పేరుతో పంపుతున్నారని పెద్ద గొడవే అయింది. అది దత్తత, ఇది వాలంటీరింగ్. కానీ రెండిట్లోనూ మొదలు ఒకటే, పేదింటి తల్లి.

సరే, ఇంకో ప్రశ్న. "మోసం లేని మంచి హోమ్ అయితే? అప్పుడు రెండు వారాలు వెళ్ళి ప్రేమ పంచితే తప్పేంటి?" ఇది న్యాయమైన ప్రశ్న.

రుమేనియాలో 1989లో కమ్యూనిస్టు నియంత చౌషెస్కు ప్రభుత్వం కూలిపోయింది. అప్పుడు బయటపడింది, లక్షకి పైగా పిల్లలు ప్రభుత్వ హోముల్లో ఉన్నారని. 2000లో అమెరికన్ శాస్త్రవేత్తలు రాజధాని బుకారెస్ట్‌లో ఒక స్టడీ మొదలుపెట్టారు. 136 మంది చిన్నపిల్లలు. సగం మందిని ఇళ్ళల్లో, కుటుంబాల దగ్గర పెంచడానికి ఇచ్చారు. మిగతా సగం హోముల్లోనే ఉన్నారు. ఏళ్ళ తరబడి గమనించారు. ఇళ్ళకి వెళ్ళినవాళ్ళ తెలివితేటలు, మెదడు ఎదుగుదల, మనుషుల్తో బంధం, అన్నీ మెరుగ్గా ఉన్నాయి. అందులోనూ రెండేళ్ళు నిండకముందే ఇంటికి చేరినవాళ్ళు ఇంకా బాగున్నారు.

మన అవ్వకి ఈ స్టడీ అక్కర్లేదు. "బిడ్డకి ఒక మనిషి కావాల" అని ఆమె ఎప్పుడో చెప్పేసింది. పదిమంది వచ్చి ఎత్తుకుంటే చాలదు. రోజూ అదే ముఖం కనిపించాలి. జ్వరం వస్తే అదే చెయ్యి నుదుటి మీద పడాలి. నా ఒళ్ళో వచ్చి కూర్చున్న ఆ పాప ఉంది కదా, అప్పుడు "ఎంత ప్రేమగా ఉందో" అనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే వేరేలా అర్థమవుతుంది. ఐదేళ్ళ పిల్ల కొత్తవాళ్ళని చూస్తే వాళ్ళమ్మ కొంగు వెనక దాక్కోవాలి. దాక్కోవడానికి కొంగు లేని పిల్ల ఎవరి ఒళ్ళోనైనా కూర్చుంటుంది.

రెండు వారాలకి ఒక బ్యాచ్ వచ్చి వెళ్ళిపోతుంటే, ఆ పిల్ల ఏడాదిలో ఇరవై ఆరు సార్లు టాటా చెప్పాలి. మనం ఎయిర్‌పోర్ట్‌లో ఒక్కసారి ఏడుస్తాం. ఆ పిల్ల ఇరవై ఆరు సార్లు ఏడవాలి.

అందుకే ప్రపంచం కూడా మారుతోంది. ఆస్ట్రేలియాలో 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం తెచ్చినప్పుడు, డబ్బు కోసం పిల్లల్ని అనాథాశ్రమాల్లోకి చేర్చడాన్ని కూడా ఆ లెక్కలోకి తీసుకున్నారు. 2019 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ కూడా పిల్లల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమ టూరిజం వల్ల నష్టం ఉందని చెప్పింది.

"అయితే విదేశాల నుంచి వచ్చి సాయం చేయడమే తప్పా?" అస్సలు కాదు. మన పక్క జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది. అనంతపురం. విన్సెంట్ ఫెర్రర్ పేరు సీమలో తెలియనివాళ్ళు తక్కువ. స్పెయిన్‌లో బార్సిలోనాలో పుట్టాడు. 1952లో క్రైస్తవ మిషనరీగా మన దేశానికి వచ్చాడు. 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీ మొదలుపెట్టాడు. తర్వాత చర్చి బాధ్యతలు వదిలేసి, ఇంగ్లండ్ నుంచి వచ్చిన జర్నలిస్ట్ ఆన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ముగ్గురు పిల్లలు. వాళ్ళదీ విదేశం నుంచి వచ్చి సేవ చేసిన కుటుంబమే కదా. కానీ వాళ్ళు రెండు వారాల కోసం రాలేదు. ఆయన 2009లో చనిపోయేదాకా అనంతపురంలోనే ఉన్నాడు.

స్పెయిన్ కుటుంబాలు ఆర్డీటీ ద్వారా ఇక్కడి పిల్లల్ని స్పాన్సర్ చేస్తాయి. ఆ డబ్బు పిల్లోడి చేతికో, వాళ్ళ నాన్న జేబులోకో నేరుగా వెళ్ళదు. ఊరికి వెళ్తుంది. ఇళ్ళు, చదువు, బత్తలపల్లి హాస్పిటల్ లాంటివి. అక్కడి నుంచి కుటుంబాలు చూడ్డానికి వస్తాయి కూడా. వచ్చి ఆ పిల్లోడి ఊరికి పోతారు, వాళ్ళమ్మానాన్నల్ని కలుస్తారు, మాట్లాడతారు, వెళ్ళిపోతారు. ఆ రాత్రి పిల్లోడు వాళ్ళమ్మ పక్కనే పడుకుంటాడు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు మనకి బాగా వచ్చిన పని చేద్దాం, లెక్క. అక్క చెప్పింది పది వేల డాలర్లు. డాలర్ 83 రూపాయలు వేసుకున్నా 8 లక్షల 30 వేలు. మన దేశంలో మిషన్ వాత్సల్య అని కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. భర్త చనిపోయిన తల్లి, వదిలేసిన తల్లి, అమ్మానాన్న లేక అవ్వాతాతల దగ్గర పెరిగే పిల్లలు, ఇలాంటి వాళ్ళకి ఇంటి దగ్గరే ఉండి చదువుకోవడానికి నెలకి 4 వేలు ఇస్తారు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72 వేలు, మిగతా చోట్ల 96 వేలు దాటకూడదు. నెలకి 4 వేలంటే ఏడాదికి 48 వేలు. ఆ 8 లక్షల 30 వేలని 48 వేలతో భాగించండి. పదిహేడు. పదిహేడు మంది పిల్లలు ఒక ఏడాది పాటు వాళ్ళ ఇంట్లోనే ఉండొచ్చు.

అప్పట్లో మా ఫ్రెండ్ వాళ్ళ ఇంటికి నెలనెలా అలాంటి సాయం వచ్చుంటే వాళ్ళమ్మ కువైట్ పోయేదా? నాకు తెలీదు. అప్పులు చాలా ఉండినాయి. కానీ కనీసం ఆలోచించుకునేది.

సరే, మరి మనం ఏం చేయాలి? గబగబా చెప్తా.

ఒకటి. మీ ఊళ్ళో తండ్రి లేని పిల్లలుంటే, వాళ్ళమ్మకి ఈ పథకం గురించి చెప్పండి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అప్లై చేయాలి. అప్లికేషన్ నింపడం, ఆదాయ సర్టిఫికెట్, బ్యాంక్ అకౌంట్, ఇవన్నీ మీ ఫోన్‌తో మీరు అరగంటలో సాయం చేయగలరు. మన ఊళ్ళల్లో ఇదే పెద్ద వాలంటీరింగ్.

రెండు. ఏ హోమ్‌కి డబ్బు ఇచ్చేముందైనా అడగండి, రిజిస్ట్రేషన్ ఉందా అని. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల్ని ఉంచుకునే ప్రతి సంస్థా రిజిస్టర్ చేసుకోవాలి. లేకపోతే ఏడాది దాకా జైలు, లేదా లక్షకి తగ్గకుండా జరిమానా, లేదా రెండూ.

మూడు. ఇంకో ప్రశ్న అడగండి. "వీళ్ళల్లో ఎంతమందికి అమ్మానాన్న ఉన్నారు? తిరిగి ఇంటికి పంపడానికి మీరేం చేస్తున్నారు?" మంచి హోమ్ అయితే ఈ ప్రశ్నకి సంతోషిస్తారు.

నాలుగు. మీ గురించి ఏమీ కనుక్కోకుండా, డబ్బు కట్టగానే పిల్లల గదుల్లోకి పంపిస్తున్నారంటే ఆ చోటు మంచిది కాదు. మిమ్మల్ని పంపినట్టే ఎవణ్ణైనా పంపుతారు. డాలస్‌లో మీ పాప స్కూల్లోకి ముక్కూ ముఖం తెలియని మనిషిని ఇలా రానిస్తారా?

ఐదు. నిజంగా ఎవరూ లేని పిల్లలున్నారు. వాళ్ళకి మంచి హోములూ కావాలి, అక్కడ ఏళ్ళ తరబడి పనిచేసే ఆయాలు, వార్డెన్లు కావాలి. సాయం చేయాలనుంటే ఆ ఆయా జీతానికి సాయం చేయండి. పిల్లలకి రోజూ కనిపించే ముఖం ఆమెదే. ఆమె నిలబడితే పిల్లలు నిలబడతారు.

ఇక పిల్లలకి కష్టం తెలియాలి అన్న అక్క మాట. అది మాత్రం వంద శాతం కరెక్ట్. కానీ ఇంకో పిల్లోడి కష్టం మన పిల్లలకి సమ్మర్ క్లాస్ కాకూడదు. పిల్లల్ని ఊరికి తీసుకురండి అక్కా. మీ అవ్వగారి ఊళ్ళో నెలరోజులు ఉంచండి. బోర్ ఎండిపోతే ఏమవుతుందో చూడనివ్వండి. కువైట్‌లో అమ్మ ఉన్న పిల్లల్తో వీధిలో క్రికెట్ ఆడనివ్వండి. ఎవరూ ఎవరికీ దానం చేయక్కర్లేదు. ఫ్రెండ్స్ అవుతారు, అంతే.

నేను ఇదంతా అక్కకి రాసి పంపా. నాలుగు రోజులు రిప్లై లేదు. బాధపడిందేమో అనుకున్నా. ఐదో రోజు మెసేజ్ వచ్చింది. "ఇంకా డిసైడ్ అవ్వలేదు తమ్ముడూ. పిల్లలు చాలా ఆశపెట్టుకున్నారు. కానీ ఆ ప్యాకేజీ వాళ్ళకి నీ మూడో ప్రశ్న పంపించా. ఇంతవరకూ జవాబు రాలేదు."

మా ఫ్రెండ్ సంగతి అడుగుతారు కదా. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, జాబ్ చేస్తున్నాడు. వాడు డిగ్రీ చదివేటప్పుడు వాళ్ళమ్మ కువైట్ నుంచి వచ్చేసింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. "ఏం మాట్లాడాల్నో ఇద్దరికీ తెలీదు మామా" అంటాడు. "తిన్న్యావా నాయనా అంటాది, తిన్న్యా అంటా. అంతటితో అయిపోతాది. నేర్చుకుంటాండాం మెల్లగా."

ఆ విదేశీ కుటుంబం మీద కోపం ఉందా అని అడిగా. లేదన్నాడు. "వాళ్ళు మంచోళ్ళే మామా. ఒక్కసారి మా అమ్మ గురించి గట్టిగా అడిగింటే బాగుండు."

అంతేనండి ఈరోజుకి. మీ ఊళ్ళో ఏ పిల్లోడైనా కష్టంలో ఉన్నట్టు కనిపిస్తే 1098కి కాల్ చేయండి, ఫ్రీ నంబర్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసుకోండి. ఈసారి బర్త్‌డేకి ఆశ్రమంలో కేక్ కట్ చేద్దామనుకుంటున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ వీడియో పంపండి. కోప్పడితే నా పేరు చెప్పండి. లైక్, షేర్, సబ్‌స్క్రైబ్ మీకు తెలిసిందే.

బోరు సౌండ్ ఆగిపోయింది. నీళ్ళు పడ్డాయో లేదో చూసొస్తా. ఉంటానండి, బై.